వేలమునకు ముందు

వేలము అను మాట మనది కాదు. పోర్చుగీసు వర్తకులు మన రేవులలో సరకులు దింపినప్పుడు ఈ మాటను కూడ దింపిపోయిరి. అదియే తమిళులకు ఏలమ్, మహారాష్ట్రులకు లిలావ్, ఒడియావారికి నిలామ్ అయినది. కన్నడ దేశమందు స్థిరపడిన మనవారు హరాజు అందురు. మాట పరాయిదైనను, పని మన యిండ్లలోనికి వచ్చి చాలకాలమైనది. తాతలనాటి యిల్లు అమ్ముడుపోవుటయు, అందలి పటములు, నగలు, పాత్రలు వేలమునకు వచ్చుటయు ఎరుగని కుటుంబములు మనలో నేడు తక్కువ. కనుక ఈ విషయమున మాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మాకు తెలిసినదంతయు కోర్టు కచేరీలో తెలిసినదే. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, తంజావూరు సీమలోని ఒక కోర్టున నాజరు విభాగమున గుమాస్తాగా చేరి, అక్కడనే తల నెరసినవారము. జప్తు సామానుల జాబితా వ్రాయుట, వేలము ప్రకటనలకు నకళ్లు తీయుట, పాట ముగిసిన పిదప సొమ్ము లెక్క చూచుట మా పని.

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడులో 60వ సెక్షను ఒకటి కలదు. అప్పుపడినవాని ఆస్తిని జప్తు చేయునప్పుడు అతనికిని, అతని భార్యాబిడ్డలకును కావలసిన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచములు, పరుపులు ముట్టరాదు. మతాచారమునుబట్టి స్త్రీ తన మేనినుండి తీయరాని నగలను ముట్టరాదు. పనివారి పనిముట్లను ముట్టరాదు. ఆ సెక్షనును తొలిసారి చదివిననాడు, దానిని వ్రాసినవారికి సంసారమనగా ఏమో తెలియునని మేము సంతోషించితిమి. మంగళసూత్రమును విడిచి జాబితా వ్రాసిన సందర్భములు మా చేతిమీదుగా పెక్కు జరిగినవి. అయితే ఆ రక్షణ అప్పుల జప్తునకే గాని, అన్నదమ్ముల పంపకమునకు కాదు. గంగాళమును నాలుగు ముక్కలుగా కోయలేరు గనుక, దానిని అమ్మి వచ్చిన రూకలను పంచుదురు.

1989వ సంవత్సరమున మా మేనమామల పంపకపు దావా తేలి, అమ్మమ్మగారి యింటి సామాను వేలమునకు వచ్చెను. జాబితా మా బల్లమీదికే వచ్చినది. బంధుత్వమును పై అధికారికి విన్నవించితిమి. జాబితా వ్రాయుటకు బంధుత్వమేమి అడ్డని ఆయన నవ్వి ఊరకుండెను. టేకు బీరువా, గోడగడియారము, ఉయ్యాలబల్ల వరుసగా వ్రాసి, పదునాలుగవ వరుసలో "ఇత్తడి గంగాళము, పాతది, 1" అని మా చేతితోనే వ్రాసితిమి.

వేలమునకు ముందునాటి రాత్రి మా అమ్మగారు మాకు వడ్డించుచు, "ఆ గంగాళం మీద మా అమ్మ పేరు ఉంది నాయనా. ఎట్లయినా అది మాత్రం తెచ్చిపెట్టు" అని కోరిరి. అదే కోడులో 21వ ఆర్డరు, 73వ నిబంధన మాకు కంఠస్థము. వేలములో ఏ పనియైనను చూచు ఉద్యోగి స్వయముగా గాని పరులచేత గాని పాడరాదు. అది మంచి నిబంధన. అది లేనిచో వేలములన్నియు గుమాస్తాల యిండ్లకే చేరును. మేము పాడలేదు, పాడించలేదు. పాత్రల వర్తకుడొకడు గంగాళమును తూకపు ధరకు పాడుకొని బండికెత్తించుకొనిపోయెను. అది మరుగులో కరిగిపోయి యుండును.

సాయంకాలము ఇంటికి పోగా అమ్మగారు కోపపడలేదు. "పోనీలే. దాని మీద ఏమి రాసి ఉందో అదైనా రాసుకొచ్చినావా?" అని మాత్రము అడిగిరి.

మేము వ్రాసికొని రాలేదు. దినమంతయు కలము మా చేతనే ఉండెను, కాగితము మా ముందే ఉండెను. ఏ నిబంధనయు దానికి అడ్డు కాదు. ఆ గంగాళముపై అమ్మమ్మగారి పేరుతోపాటు ఆమె పుట్టినింటివారి యింటిపేరును, వారి పూర్వుల ఊరి పేరును చెక్కబడి యుండెనట. ఆ ఊరిపేరును అమ్మగారు ఒక విధముగను, మామలు మరియొక విధముగను చెప్పుచుండిరి. నిజము తేల్చగల సాక్ష్యము ఆ ఇత్తడి ఒక్కటే.

గొప్పవారి సొత్తు సంగతి వేరు. మా తంజావూరు కోటనే చూడుడు. 1855లో శివాజీ మహారాజు మగసంతు లేక గతించగా, కుంపిణీవారు రాజ్యముతోపాటు రాజుగారి సొంత ఆస్తిని, నగలను కూడ పట్టుకొనిరి. రాణి కామాక్షీబాయిగారు మద్రాసు సుప్రీముకోర్టున గెలిచినను, 1859లో లండను ప్రీవీకౌన్సిలు ఆ తీర్పును కొట్టివేసెను. ప్రభుత్వము రాజ్యాధికారముతో చేసిన చర్యపై కోర్టులకు అధికారము లేదనిరి. 1862లో ప్రభుత్వమే మనసు మార్చుకొని ఆస్తిని కుటుంబమునకు విడిచెను. పిదప వంశస్థులలోవారికి దావాలు తప్పలేదు. అన్ని తగవుల నడుమను సరస్వతీమహలు గ్రంథములు మాత్రము వేలపుబల్ల ఎక్కలేదు. 1918లో అవి ప్రజల పరమైనవి. నాయకరాజుల కాలమునను, మహారాష్ట్ర రాజుల కాలమునను వ్రాసిన తెలుగు తాళపత్రములు నేడును అక్కడ చదువదగియున్నవి. హైదరాబాదు నిజాము నగలను 173 వస్తువులుగా భారత ప్రభుత్వము 1995లో 218 కోట్ల రూపాయలకు కొని దేశమున నిలిపినది. మన అమ్మమ్మల గంగాళములను కొనుటకు ఏ ప్రభుత్వమును రాదు. ఆ భారము మనదే.

ఇప్పుడీ సంగతి ఎత్తుటకు కారణము కలదు. గడచిన నెలలో మా వీథిలోని తెలుగు కుటుంబమున ఎనుబదియైదేండ్ల పెద్దామె కాలధర్మము చెందిరి. కుమారులు, మనుమలు పలుదేశముల నున్నారు. ఇల్లు అమ్మకమునకు కుదిరినది. సామాను అంతయు వేలము వేయుటకు ఒక వేలముదారునితో ఒప్పందమైనది. కోర్టున పనిచేసినవారమని, మనుమడు జాబితా పట్టుకొని మా యింటికి వచ్చెను. "తాతగారూ, ఇది మంచిదేనా? మోసం ఏమీ ఉండదు కదా?" అని అతని ప్రశ్న.

వేలము చెడ్డది కాదని మేము చెప్పితిమి. నలుగురి యెదుట పలికిన ధర, వాకిటికి వచ్చిన దళారి చాటున పలుకు ధరకంటె మేలు. అయితే పాటకు ముందే అడుగవలసినవి కొన్ని కలవు. వేలముదారుని కమీషను ఎంత, కొనువానినుండి ఎంత తీసికొనును, ఏ ధరకు తక్కువైనచో అమ్మరాదు, అమ్ముడుపోని వస్తువునకు ఖర్చు ఎవరు పెట్టుకొందురు అనునవి కాగితముపై ఉండవలెను. వర్తకులు తమలో తాము పోటీపడరాదని కూడబలుకుకొని వచ్చుట మా కచేరీలో కన్నులార చూచినదే. కనీస ధర నిర్ణయించి యున్నచో ఆ కూటమి ఆట సాగదు.

జాబితాలో కెంపుల అడ్డిగ ఒకటి, కాసులపేరు ఒకటి ఉన్నవి. పాత నగను కరిగించుటకు కొనువాడు రాళ్లను, లోపలి లక్కను తీసివేసి బంగారమునకు మాత్రమే వెల కట్టును. కంసాలి చేతిపనికి కాసు రాదు. పనితనము ఎరిగినవారు పదిమంది వచ్చిన వేలములో దానికిని వెల వచ్చును. ఆ రెండింటిని వేలమున పెట్టుటయే మేలని చెప్పితిమి.

తంజావూరు పటములు రెండు ఉన్నవి. పలకపై బట్ట అతికి, సుద్ద, జిగురు కలిపి మెత్తి ఉబ్బుగా తీర్చి, రాళ్లు పొదిగి, బంగారు రేకు అంటించి రంగులు వేసినవి. ఈ విద్యను పెంచినవారిలో తెలుగు దేశమునుండి వచ్చి తంజావూరు, తిరుచిరాపల్లి ప్రాంతములలో నిలిచిన రాజులు ముఖ్యులు. అట్టి పటమును తడిబట్టతో తుడువరాదు, సుద్ద నాని ఊడివచ్చును. అందొకటి నూరేండ్లు దాటినదేమో అని మాకు తోచినది. 1972వ సంవత్సరపు పురావస్తువుల చట్టము 1976నుండి అమలులో నున్నది. దాని ప్రకారము నూరేండ్లకు పైబడిన శిల్పములను, చిత్రపటములను నమోదు చేయించవలెను. అనుమతి లేక దేశము దాటించరాదు. నమోదు అధికారికి చూపిన పిదపనే దానిని పాటకు పెట్టుడని చెప్పితిమి.

అంతవరకు మేము కోర్టు గుమాస్తాగానే మాటలాడితిమి. ముప్పదియొకటవ వరుస చూచినంతట నోట మాట రాలేదు. "ఇత్తడి, రాగి పాత్రలు, పాతవి. కొన్నింటిపై తెలియని లిపిలో వ్రాత" అని యున్నది.

ఆ వేలముదారుని మేము నిందింపము. ఒకనాడు "పాతది" అని మాత్రమే వ్రాసి ఊరకున్న చేయి మాది. అతడు వ్రాత ఉన్నదని యైనను చూచినాడు. మేము మనుమని వంక చూచితిమి. అతడు తల దించుకొని, "మాట్లాడతాను తాతగారూ, చదవడం రాదు. నాన్నకూ అంతంతే" అనెను. తరతరములుగా తెలుగు మాటలాడు యింట తెలుగు వ్రాత తెలియని లిపి అయినది. మన యిండ్లలో ఎన్నింట ఇట్లే యున్నదో పాఠకులే ఎంచుకొనవలెను.

మరునాడే మేము కళ్లజోడు తుడుచుకొని వారి యింటికి పోతిమి. పాత్రలపై చుక్కచుక్కగా ఉలితో కొట్టిన అక్షరములు అరుగుదలచే కనబడవు. ముగ్గుపిండి రుద్ది పైన తుడిచినచో చుక్కలలో పిండి నిలిచి తెల్లగా కనబడును. అట్లు రుద్ది ఒక్కొక్కటిగా చదివితిమి, అతడు వ్రాసికొనెను. పెద్ద గంగాళముపై ప్రమోదూత సంవత్సరము, మాఘమాసము, ఒక యిల్లాలి పేరు, పుట్టినింటివారు ఇచ్చినదని, వారి యింటిపేరు, ఊరు ఉన్నవి. సంవత్సరముల పేర్లు అరువదేండ్లకొకసారి తిరిగివచ్చును గనుక లెక్క వేసిచూడగా 1931 అని తేలినది. ఆమె ఆ గతించిన పెద్దామెకు అత్తగారు. మనుమడు ఆమె పేరు ఎన్నడును వినలేదట. కొంతసేపు ఊరకుండి, "మా చెల్లెలి పేరు ఇదే తాతగారూ. ఎందుకు పెట్టారో మాకు తెలియదు" అనెను.

మేము మాటలాడలేదు. మా మనసు 1989నాటి ఆ సాయంకాలమునకు పోయినది.

రాబోవు ఆదివారము వేలము జరుగనున్నది. గంగాళమును వారు జాబితానుండి తీసివేసిరి. తక్కినవి పోవును, పోవలసినదే. విదేశములలోని చిన్న యిండ్లలో ఉయ్యాలబల్లలకు చోటెక్కడిది? ముప్పదియొకటవ వరుసను మాత్రము దిద్దించిరి. "ఇత్తడి, రాగి పాత్రలు. తెలుగు లిపిలో పేర్లు చెక్కినవి" అని ఇప్పుడు అచ్చులో నున్నది. చరిత్ర తెలిసిన వస్తువునకు నాలుగు రూకలు ఎక్కువ వచ్చునని వేలముదారుడు సంతోషించినాడట. ఆ మనుమడు గంగాళముపై పలుచని కాగితము పరచి పెన్సిలు రుద్ది అక్షరముల అచ్చు తీసికొనినాడు. వానిని దిద్దుచు నేర్చుకొనుచున్నానని నిన్న చెప్పెను. ఎంతవరకు సాగునో చూడవలెను.

మా అమ్మగారు ఇప్పుడు లేరు. ఆమె అడిగిన ఊరిపేరు మాకు నేటికిని దొరకలేదు. పాఠకులకు మా మనవి ఒక్కటే. మీ యింట పాత పాత్ర ఉన్నచో, పటము వెనుక చీటీ ఉన్నచో, నగ ఎవరిదో చెప్పగల పెద్దలు ఇంకను ఉన్నచో, వేలముదారుడు వచ్చువరకు ఆగకుడు. చిటికెడు ముగ్గుపిండి, ఒక కాగితము, ఒక కలము చాలును. పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదువుడు. ఆ పిదప అమ్మినను విచారము లేదు.