ఏటికి రాయని వాటా

మా ఉరుకుంద నుంచి తూర్పుకు పోయినా పడమరకు పోయినా సముద్రం మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. పడవ, దీవి, ఇసుక ఒడ్డు, ఒక పూట నెమ్మది కావాలంటే మా కౌతాళం, ఆదోని, ఎమ్మిగనూరు వాళ్ళకు తుంగభద్రే దిక్కు. తెరచాప లేదు గానీ పుట్టి ఉంది. దీవి కూడా ఉంది, ఆనెగొంది దగ్గర నవబృందావనం. సెలవు దొరికితే నేను అటే పోతాను.

హోస్పేట డ్యాం గేట్లు ఎత్తిన రోజుల్లో ఆ దీవికి దారి ఉండదు. ఏరు తగ్గాకే పోవాలి. ఇప్పుడు మోటారు పడవలు కూడా తిరుగుతున్నాయి, అయినా పుట్టి దొరికితే నేను పుట్టే ఎక్కుతాను. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి అడుగున తారు పూస్తారు. ఒకప్పుడు తోలు కప్పేవాళ్ళు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఇలాంటి బుట్టల్లోనే జనం, అవసరమైతే గుర్రాలు, ఎద్దులు కూడా ఆనెగొంది రేవు దాటేవని రాసిపెట్టాడు. "నడుమ కూసో సామీ, లెయ్యొద్దు" అంటాడు తెడ్డు వేసే పెద్దాయన, సగం కన్నడం సగం తెలుగుతో. పుట్టి సూటిగా పోదు, తిరుగుతూ పోతుంది. కూర్చున్నచోటి నుంచి మెడ తిప్పకుండానే గుట్టలు, బండలు, అరటి తోటలు అన్నీ కనిపిస్తాయి.

దీవిలో తొమ్మిది మంది మధ్వ యతుల బృందావనాలు, అంటే సమాధులు, ఉన్నాయి. వారిలో సుధీంద్ర తీర్థులు మన మంత్రాలయ రాఘవేంద్రస్వామికి గురువు. గురువు ఎగువన దీవిలో, శిష్యుడు దిగువన మా ఒడ్డున. 2019 జులైలో నిధి కోసం దొంగలు ఆ తొమ్మిది మందిలో మరొకరైన వ్యాసరాజుల బృందావనాన్ని పగలగొడితే భక్తులు వెంటనే మళ్ళీ కట్టుకున్నారు. రాయి మీద మనవాళ్ళకు అంత పట్టు ఉంది. దాన్ని చుట్టి పారే నీటి మీద అందులో సగమైనా ఉంటే బాగుండును.

అక్కడి నుంచి కంప్లి, సిరుగుప్ప. ఆ పైన వేదవతి వచ్చి కలుస్తుంది. ఆ దారంతా బస్సు కిటికీలోంచి చూసిందే తప్ప నాకు పెద్దగా తెలియదు. మేళిగనూరు, నదిచాగి దగ్గరికి ఏరు రాగానే మా సీమ మొదలవుతుంది.

మా ఏరంటే మంత్రాలయం రేవే. ఒకప్పటి మంచాల గ్రామం. ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ దీన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చాడు, 1671లో స్వామి ఇక్కడే బృందావనస్థులయ్యారు. 2009 అక్టోబరు వరదలో మఠంలోకి నీళ్ళు వచ్చాయి. ఎండాకాలం వస్తే మాత్రం అదే రేవులో బండల మధ్య మడుగులు తప్ప పారకం కనపడదు. ఆ మడుగుల్లోకే ఊరి మురుగు వచ్చి చేరుతుంది, వాటిలోనే భక్తులు మునుగుతారు. పిల్లలు ఆడుకోవాల్సిన ఇసుకను ట్రాక్టర్లు తోడుకుపోతాయి. ఇసుక పోయినచోట మిగిలిన గుంతలు నీళ్ళు వచ్చాక పైకి కనపడవు. ఈత రాని యాత్రికుడికి అవే మృత్యువు. ఇది చూసి నాకు కడుపు మండుతుంది.

ఈ ఏటికి నీళ్ళు వదలాల్సిన ఎగువ హోస్పేట డ్యాంలో మొదట 133 టీఎంసీలు పట్టేవి. పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లరే పడుతున్నాయి. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోతే, డ్యాం గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడి బృందం వారంలోపే పారే నీటిలో స్టాప్‌లాగ్ (తాత్కాలిక గేటు) దించి మిగిలిన నీళ్ళు ఆపింది. అలా కాపాడుకునే డ్యాం నీళ్ళలో ఎల్లెల్సీ (దిగువ కాలువ) కింద మన రాష్ట్రానికి 24 టీఎంసీలు రాసి ఉన్నాయి. కర్ణాటకలో అంత దూరం పారి వచ్చేసరికి చివరి మడికి చేరేది ఎంతో ఆ రైతుకే తెలుసు. ఏరు పక్కనే ఉన్నా, కోసిగి, కౌతాళం కుటుంబాలు మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు మూటాముల్లె కట్టుకుని పోతాయి. వాళ్ళ పిల్లల చదువు మధ్యలోనే ఆగిపోతుంది.

1976 నాటి బచావత్ తీర్పు డ్యాంకు 230 టీఎంసీలు లెక్క కట్టింది. కర్ణాటకకు 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 73.01. మిగిలిన 18 ఆవిరయ్యే నీటికి. ఆవిరికి కూడా వాటా రాసిన ఆ లెక్కలో, ఏరు ఏరుగా పారడానికి ఒక్క చుక్క రాయలేదు. రాజోలిబండ ఆనకట్టకు, సుంకేసుల దగ్గర కేసీ కాలువకు వదిలే నీళ్ళు మా ఒడ్డు మీదుగానే పోతాయి, కానీ అవి కాలువల ఖాతాలోవి. కాలువలకు చాలినంత ఇచ్చాకే కదా ఏటి మాట అంటారు కొందరు. ఏరు చచ్చిపోయాక కాలువ ఎక్కడి నుంచి పారుతుంది?

మూడు రాష్ట్రాల నీటి అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఫిబ్రవరి నుంచి మే దాకా నెలకు ఇంత అని ఏటి పేరు మీద నీళ్ళు రాయండి. రేవుకు అటూ ఇటూ ఇసుక తవ్వకం ఆపండి. పుట్టి నడిపేవాళ్ళకు లైఫ్ జాకెట్లు ఇచ్చి లైసెన్సు ఇవ్వండి. శ్రావణంలో ఈరన్నస్వామి దర్శనానికి ఉరుకుంద వచ్చే లక్షల మందికి కూడా ఇదే నా మాట: ఈసారి మీ ఎమ్మెల్యే కనిపిస్తే కాలువ నీళ్ళతో పాటు ఏటి నీళ్ళ సంగతి కూడా అడగండి.