న్యూజెర్సీ పచ్చికవాకిళ్లు

2023వ సంవత్సరము ఏప్రిలు మాసారంభమున మేము న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసను పట్టణమున కాపురముండు మా కుమారుని ఇంటికి పోయి, అక్టోబరు మొదటి వారమువరకు అచటనే యుంటిమి. థామస్ ఎడిసనుగారు ప్రయోగములు చేసిన మెన్లోపార్కు ఈ పట్టణములోనిదే. 1954లో పాతపేరు మార్చి ఊరికి ఆయన పేరు పెట్టిరి. ఇప్పుడు ఓక్‌ట్రీ రోడ్డున నడచినచో కరివేపాకు మొదలు పూజాద్రవ్యములవరకు అన్నియు దొరకును. తెలుగుమాటయు వినబడుచునే యుండును. కావున ఊరు మాకంత క్రొత్తగా తోచలేదు. క్రొత్తగా తోచినది వాకిలి.

వీధినుండి గుమ్మమువరకు గోడ లేదు, కంచె లేదు. ఒక ఇంటి పచ్చిక ఎచట ముగిసి పొరుగింటిది ఎచట మొదలగునో తెలియకుండ వీధి పొడుగునను ఒకే తివాచి పరచినట్లుండును. మన యూళ్లలో వాకిట గడ్డి మొలచినచో ఆ ఇంటి ఇల్లాలు మంచమెక్కినదనియో, ఆ ఇల్లు పాడుపెట్టిరనియో అనుకొందురు. బొరిగెతో గడ్డి చెక్కించి, పేడనీళ్లు చల్లి, ముగ్గు పెట్టినగాని మనకు వాకిలి వాకిలి కాదు. అచటివారు పనిగట్టుకొని గడ్డి పెంచి, కత్తిరించి, నీరుపోసి కాపాడుట చూడగా మొదట మాకు నవ్వు వచ్చినది. తరువాత తెలిసినదేమనగా, గడ్డి కోయక విడిచినచో వారును మనవలెనే ఆ ఇంట నేదో కష్టము కలిగినదని తలంతురు. గడ్డి మితిమీరి పెరిగినచో నోటీసు పంపి జరిమానా వేయు పట్టణములును అనేకము కలవు. ఆ భయముచేతనే మా కోడలు, ఒకవైపు ఉద్యోగము ఒకవైపు పసిబిడ్డ కాగా, పచ్చిక సంరక్షణకు ఒక కంపెనీవారిని కుదుర్చుకొన్నది.

వారు వచ్చి మందు చల్లి, గడ్డిలో ఒక చిన్న జెండా గ్రుచ్చి పోవుదురు. మందు ఆరువరకు పిల్లలు అడుగుపెట్టరాదని దానిపై వ్రాసియుండును. మా మనుమడు రెండేండ్లవాడు. జెండా కనబడినంతనే దానికొరకు పరుగెత్తును. కోడలు వానిని చంకనెత్తుకొని లోపలికి పోవును. ఆరిన తరువాతను ఆమెకు ధైర్యము చాలదు. ఆ ఏప్రిలులో వాడు పచ్చికపై ఆడిన దినములకంటె కిటికీలోనుండి చూచిన దినములే ఎక్కువ. “ఎవరికొరకమ్మా యీ గడ్డి?” అని యొకనాడు మేమడుగగా ఆమె సమాధానము చెప్పలేదు. కాని ఆ రాత్రి భోజనమువేళ మా కుమారునితో, “ఈ ఏడు మందు మానిపింతము. అత్తయ్యగారున్నారు గదా, మనమే చూచుకొందము” అనెను. రైతుకుటుంబమున పుట్టినంతమాత్రమున మాకు పచ్చిక సంగతి తెలియునని ఆమె తలంపు! మేమును కాదనలేకపోతిమి.

మాకు గురువైనది ప్రక్కయింటి వృద్ధురాలు. అచటి పచ్చికలో ముఖ్యముగా మూడు గడ్డులు కలిసియుండును: కెంటకీ బ్లూగ్రాసు, ఫెస్క్యూ, రైగ్రాసు. పేరున కెంటకీ యున్నను బ్లూగ్రాసు అచట పుట్టినది కాదు. ఐరోపానుండి వలసవచ్చినవారితో వచ్చినది. ఇవి చలిదేశపు గడ్డులగుటచే వసంతమునను శరత్తునను విరివిగా పెరిగి వేసవిలో సోలిపోవును. మన గరిక దీనికి సరిగా విరుద్ధము. ఎండలో విజృంభించును, చలి తగిలిన ఎండిపోవును. ఈ భేదమొక్కటి గ్రహించినచో అచటి పచ్చికసేద్యము సగము తెలిసినట్లే.

ఏప్రిలులో ఫోర్సిథియా అను పొద, ఆకు రాకముందే, నిలువెల్ల పసుపుపచ్చగా పూచును. క్రాబ్‌గ్రాసు విత్తు మొలవకుండ మందు చల్లువారికి అదియే పంచాంగము. ఈ కలుపు, నేల పైపొర సుమారు 13 సెంటీగ్రేడు డిగ్రీలకు వెచ్చబడినప్పుడు మొలచి, వేసవిలో పీతకాళ్లవలె నలుదెసల ప్రాకి, శరత్కాలపు మంచుకు చచ్చును. చచ్చుటకు ముందు వేలకొలది గింజలు రాల్చి మరీ చచ్చును. దానిని మొలవనీయని మందు సాధారణముగా మంచి గడ్డివిత్తును కూడ మొలవనీయదు. వృద్ధురాలు చెప్పిన ఉపాయము చవక యైనది: గడ్డిని మూడంగుళములకు తక్కువ కోయకుడు, నీడపడిన నేలలో దాని విత్తు మొలచుట కష్టము. ఒక్క కోతలో మూడవ వంతుకు మించి తీయరాదు, కత్తి మొద్దుబారనీయరాదు, కోసిన తునుకలను అచటనే వదలినచో ఎరువగును. మా కుమారుడు అంతవరకు వాటిని సంచులకెత్తి పారవేసి, మరల ఎరువు కొని చల్లుచుండెను!

మే నెలలో డాండెలయను పూలు బంగారుకాసులవలె పచ్చికనిండ విచ్చినవి. అచటివారికి ఇది పరమశత్రువు. ఒకప్పుడు దానిని ఐరోపావారు కూరకును మందుకును తెచ్చుకొనిరి. వాన కురిసిన మరునాడు బొరిగెతో లోతుగా త్రవ్వి వేరు పూర్తిగా లాగవలెను. ముక్క మిగిలినచో మరల చిగిర్చును. మందుసోకని పెరటిమూలనున్న లేతయాకులతో మేమొకనాడు పప్పు వండితిమి. కొంచెము చేదు, మా కుమారుడు రెండవమారు వడ్డించుకొనలేదు. తెల్లపూల క్లోవరును మాత్రము వృద్ధురాలు పీకనీయలేదు. అది మన పెసర మినుములవలె గాలిలోని నత్రజనిని నేలకు చేర్చునట. ఆమె బాల్యములో పచ్చిక విత్తనములలో క్లోవరు గింజలను కావలెననియే కలుపుచుండిరట. 1940 ప్రాంతముల వెడల్పాకు మొక్కలను చంపు 2,4-డి అను మందు బయలుదేరినది. అది క్లోవరును కూడ చంపును. మందు చల్లుట అలవాటైన పిమ్మట క్లోవరు కలుపుమొక్కల జాబితాకు ఎక్కినది.

జూలైలో పచ్చిక గోధుమవర్ణమునకు తిరిగినది. మా కుమారుడు చచ్చినదని బెంగపడి, ఆఫీసునుండి వచ్చి ప్రతిసాయంకాలము నీరు పెట్టసాగెను. మేమును ప్రోత్సహించితిమి, మనకు సాయంకాలము మొక్కలకు నీరు పోయుట అలవాటు గదా. పదిదినములలో పళ్లెములంతేసి గుండ్రని మచ్చలు పడినవి. అది బ్రౌన్‌ప్యాచి అను బూజుతెగులు. రాత్రి ఉక్కగానుండి, ఆకు తెల్లవార్లు తడిసియున్నచో అది వ్యాపించును. గడ్డి చావలేదు, వేసవినిద్రలో నున్నది; మేము దానిని నిద్రలేపి రోగము తెప్పించితిమి. నీరు పోయదలచినచో తెల్లవారుజామున, వారమునకు వానతో కలిపి అంగుళమంత, నేల లోతుగా నానునట్లు పోయవలెను. సలహాలో సగము మాది గనుక మేము మాటాడక ఊరకుంటిమి.

ఆ నెలలోనే గులాబీపొదలపై రాగిరెక్కలు పచ్చతలలు గల పెంకుపురుగులు వ్రాలి ఆకులను జల్లెడచేసినవి. వీనిని జపానుబీటిలు లందురు. అమెరికాలో ఇవి మొట్టమొదట కనబడినది 1916లో, ఈ న్యూజెర్సీలోనే రివర్టను గ్రామమందు. మేము ఉదయమున సబ్బునీళ్ల చెంబు పట్టుకొని వానిని అందులో రాల్చుచుంటిమి. మనుమనికి అది గొప్ప ఆట. వాసనపెట్టి పట్టు బోనులు అంగడిలో అమ్ముదురుగాని అవి పట్టుదానికంటె పిలుచునవే ఎక్కువ. ఈ పురుగులు పచ్చికలో గ్రుడ్లుపెట్టగా, ఆగస్టు సెప్టెంబరులలో తెల్లని పిల్లపురుగులు వేళ్లను తినును. మన వేరుశనగ చేలలోని వేరుపురుగునకు ఇవి దగ్గర చుట్టములు. సెప్టెంబరు ప్రారంభమున వాకిలిలో ఒకచోట గడ్డిని పట్టిలాగగా చాపవలె చేతికి లేచివచ్చినది. చదరపు అడుగున లెక్కపెట్టితిమి: పదునాలుగు. పదికి లోపైనచో మామూలు పచ్చిక ఓర్చుకొనును.

మా కుమారుడు విసిగి, “మరల కంపెనీవారిని పిలుతుము” అనెను. కోడలు ఒప్పుకొనలేదు. ఆ రాత్రి వారిద్దరును మాటలాడుకొనలేదు. మరునాడు వృద్ధురాలే దారి చూపెను. వేరుపురుగులలో చొరబడి వానిని చంపు సూక్ష్మమైన నులిపురుగులు విత్తనాల అంగడిలో దొరకును. నేలను తడిపి, ఎండ వాలిన పిమ్మట నీటిలో కలిపి పోయవలెను. పురుగు అంతయు పోలేదు, చాలవరకు తగ్గినది.

ఇంతలో వినాయకచవితి వచ్చినది. దూర్వాయుగ్మమునకు గరిక కావలెను. అంత పచ్చిక యున్నను అందులో గరిక లేదు. వెదకగా వెదకగా వీధి అంచున, ఎండకు కాగిన సిమెంటుబాటను ఒరసికొని, ఒక చేరెడు మేర కనబడినది. మా కంట నీరు తిరిగినది. మేము వంగి త్రుంచుచుండగా వృద్ధురాలు చూచి మేము కలుపు తీయుచున్నామనుకొని మెచ్చుకొన్నది! అచట దాని పేరు బెర్ముడాగ్రాసు. నేలపైన తీగలుగాను లోపల వేళ్లుగాను ప్రాకి పచ్చికను ఆక్రమించును గనుక దాని పేరు చెప్పిన భయపడుదురు. దేవునికి సమర్పించుటకని మా కోడలు చెప్పగా ఆమె చాలసేపు ఆలోచించి, “అట్లయిన తొట్టిలో పెట్టి పెంచుకొనుడు, తక్కినది వదలక పెకలించుడు” అనెను.

పండుగ మరునాడు బోడిచోట్ల నేల గీరి విత్తు చల్లితిమి. చలిదేశపు గడ్డికి విత్తుకాలము శరదారంభమే. ఎరువు కూడ అప్పుడే. న్యూజెర్సీలో 2011లో చేసిన చట్టము ననుసరించి నవంబరు 15 మొదలు మార్చి 1 వరకు గృహస్థులు పచ్చికకు ఎరువు వేయరాదు, అది వానలకు కొట్టుకొనిపోయి ఏళ్లను చెరచునని. రైగ్రాసు వారమునకే సూదులవలె మొలచినది. బ్లూగ్రాసు మొలకకు రెండు మూడు వారములు పట్టును. అది చూడకయే మేము విమానమెక్కితిమి.

మరుసటి మే నెలలో కోడలు వ్రాసినది. మనుమడు పచ్చికపై వట్టికాళ్లతో పరుగెత్తుచున్నాడట. క్రాబ్‌గ్రాసు సిమెంటుబాట ప్రక్కన కొంత మొలచినదట. తొట్టిలోని గరిక మాత్రము చలికాలమంతయు గడ్డిపోచవలె ఎండియుండగా పారవేయబోయి ఆగినదట; ఇప్పుడిప్పుడే చిగురు పెట్టుచున్నదని వ్రాసినది.