దెయ్యాల రాత్రి ఇంటర్వెల్ మాత్రమే!

షూటింగ్ పూర్తయిందంటే మన సినిమావాళ్ళు గుమ్మడికాయ కొడతారు. దిష్టి తగలకూడదని ఇళ్ళవాళ్ళు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడతారు. పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లలో మాత్రం అక్టోబరు 31 రాత్రి గుమ్మడికాయకు కళ్ళూ కోరపళ్ళూ చెక్కి, లోపల దీపం పెడుతున్నారు. అదేనండీ, హాలోవీన్!

మా అన్నయ్యావాళ్ళ ఫ్లాటు అక్కడే. మాది గుంటూరు జిల్లా కథోలిక కుటుంబం. 2025లో ఆ సాయంత్రం పక్క ఫ్లాటు పిల్లలు మా అన్నయ్య కూతురికి తెల్ల దుప్పటి కప్పి దెయ్యం వేషం వేశారు. పాపకు ఏడేళ్ళు. "మనింట్లో దెయ్యాల పండగేమిటండీ?" అంది వదిన. "పిల్లల సరదాలే!" అన్నాడు అన్నయ్య. వాళ్ళ వాదన వాళ్ళదిగా ఉంటే, పాప అద్దంలో చూసుకుని మెల్లగా అడిగింది: "బాబాయ్, నానమ్మ కూడా ఇలాగే అయిపోయిందా?"

మా అమ్మ పోయి అప్పటికి మూడు నెలలు. ఇద్దరూ గప్‌చుప్! జవాబు చెప్పే వంతు నాకొచ్చింది.

హాలోవీన్ అంటే దెయ్యాల రాత్రి కాదు, పునీతుల పండుగ ముందురాత్రి అని అర్థం. నవంబరు 1 సకల పునీతుల పండుగ. నవంబరు 2 పోయినవాళ్ళందరి కోసం ప్రార్థించే రోజు. మా వైపు సమాధుల పండుగ అంటారు. ఫ్రాన్సులో క్లూనీ మఠాధిపతి ఒడిలో దాన్ని తన మఠాల్లో మొదలుపెట్టి దాదాపు వెయ్యేళ్ళయింది. ఐర్లండువాళ్ళు టర్నిప్ దుంపలు చెక్కి దీపాలు పెట్టేవారు. అమెరికా చేరాక వాళ్ళకు గుమ్మడికాయ దొరికింది!

1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' తీసిన దగ్గర్నుంచీ హారర్ సినిమాలు ఆ ఒక్క రాత్రినే పట్టుకున్నాయి. భయానికి టికెట్లు తెగుతాయి మరి! 2017లో వచ్చిన 'కోకో' మాత్రం మెక్సికోవాళ్ళు తమ పెద్దల్ని తలుచుకునే పండుగను చూపించి ఏడిపించింది.

"నానమ్మ దెయ్యం కాలేదమ్మా. పోయినవాళ్ళు మనల్ని భయపెట్టరు. మన ప్రార్థన కోసం ఎదురుచూస్తారు" అన్నాను. పాప కాసేపు ఆలోచించింది. "అయితే నేను దెయ్యం వెయ్యను" అంది. చాలా దేశాల్లో కథోలిక పిల్లలు ఆ రాత్రి పునీతుల వేషాలు వేస్తారు. వదిన ఆ దుప్పటికే నీలం రిబ్బను అంటించింది. మదర్ తెరిసా రెడీ! 2016లో పునీతురాలైన ఆ తల్లి పేదల కోసం చేయి చాచింది. మా మదర్ ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు పట్టుకొచ్చింది. సగం వాచ్‌మన్ పిల్లలకు పంచింది కూడా!

నవంబరు 2 ఆదివారం పడింది. అందరం ఊరెళ్ళాం. సున్నం వేసిన సమాధులు, బంతిపూలు, వరసగా కొవ్వొత్తులు. చీకటి పడుతున్నా పాప భయపడలేదు. నానమ్మ సమాధి దగ్గర గాలికి కొవ్వొత్తి ఆరినప్పుడల్లా మళ్ళీ వెలిగించింది.

అందుకే చెబుతున్నా, గుమ్మడికాయలు చెక్కుకోండి, వేషాలు వేసుకోండి. కానీ అక్టోబరు 31తో లేచిపోకండి. అసలు కథ ఇంటర్వెల్ తరవాతే ఉంది!