ఒక్క స్వరము చాలును

ఎలక్ట్రిక్ గిటారు అనగానే పలువురకు చెవులు గింగురుమను రొద జ్ఞప్తికి వచ్చును. విద్యుత్తుతో పలుకు వాద్యమునకు హృదయమెక్కడిదని నాతో వాదించిన పెద్దలు కలరు. వీణానాదమునకు అలవడిన చెవులకు అట్టి సందేహము కలుగుట సహజమే. నాకు ఆ సందేహమును తీర్చినవాడు అమెరికా దేశపు గాయకుడు బి. బి. కింగ్.

గిటారు తీగలు ఉక్కువి. వాని క్రింద అయస్కాంతములును, వానికి చుట్టిన సన్నని రాగితీగయు ఉండును. ఉక్కుతీగ కదలినప్పుడు ఆ చుట్టలో మిక్కిలి అల్పమైన విద్యుత్తు పుట్టును. దానిని ఆంప్లిఫయరు పెంచి స్పీకరునకు అందించును. విద్యుత్తు తనంతట తాను పాడదు. తీగమీద వ్రేలు చేసిన పనినే పెద్దది చేసి వినిపించును. మృదువైన మీటుగాని, సన్నని వణకుగాని, చిన్న తడబాటుగాని దాగదు.

కింగ్ 1925లో మిసిసిపీ రాష్ట్రమున ఒక పేద నల్లజాతి కుటుంబమున జన్మించెను. చిన్ననాడే తల్లిని పోగొట్టుకొని, ప్రత్తిచేలలో పనిచేసి పెరిగెను. నల్లవారి కష్టములనుండి పుట్టిన బ్లూస్ అను గానరీతి అతనికి ఉగ్గుపాలతో అబ్బినది. అతని బంధువగు బుక్కా వైట్ వ్రేలికి గొట్టము తొడిగి, దానిని తీగపై జార్చి వాయించెడివాడు. అప్పుడు స్వరము ఏడ్చినట్లును, పిలిచినట్లును సాగెడిది. ఎంత యత్నించినను ఆ విద్య కింగునకు పట్టుబడలేదు. కాని ఆ ధ్వని అతని చెవిని వదలలేదు. వట్టి వ్రేలితోనే తీగను ప్రక్కకు లాగియు, చేతిని వణకించియు, అతడు దానికి సాటియగు పలుకును సాధించెను. చేతగాని విద్యయే అతనికి తనదైన బాణిని ఇచ్చినది.

తీగను లాగి స్వరమును పైకెత్తుట మనకు క్రొత్త కాదు. మన వైణికులు మెట్టుపై తీగను లాగి గమకమును పలికింతురు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మాండొలినునకు జంటతీగలకు మారుగా ఒంటితీగలు అమర్చుకొని, విద్యుత్తు తోడుగా కర్ణాటక సంగీతమును గమకములతో పలికించెను. దేశములు వేరైనను వ్రేలికి తెలిసిన రహస్యము ఒక్కటే.

1949వ సంవత్సరపు శీతకాలమున, ఆర్కన్సా రాష్ట్రములోని ట్విస్ట్ అను ఊరి నాట్యశాలలో కింగ్ వాయించుచుండెను. చలి కాచుకొనుటకు కిరసనాయిలు పోసి వెలిగించిన పీపా నడుమ నుండెను. ఇరువురు కలహించి దానిని పడద్రోయగా మంటలు చెలరేగెను. వెలుపలికి వచ్చిన కింగ్, గిటారు లోపలనే మిగిలినదని తెలిసి, మరల మంటలలోనికి పరుగెత్తి దానిని తెచ్చుకొనెను. ప్రాణము దక్కుటయే గగనమయ్యెను. ఆ కలహమునకు కారణమైన స్త్రీ పేరు లూసిల్ అని తరువాత తెలిసెను. అట్టి తెగింపు మరల చేయరాదని తనకు తాను గుర్తుచేసికొనుటకై, నాటినుండి తన గిటారులకు ఆ పేరే పెట్టుకొనెను.

లూసిల్ అతనికి రెండవ గొంతుక. అతడు పాడునప్పుడు వాయింపడు, వాయించునప్పుడు పాడడు. కచేరీలో గాయకుడు ఆలాపన ఆపినంతనే వయొలిను అందుకొన్నట్లు, పాట ఆగినచోట గిటారు బదులు పలుకును. 1969లో అతడు పాడిన ‘ది థ్రిల్ ఈజ్ గాన్’ అను విషాదగీతమును నేను పెక్కుసారులు వింటిని. అది గతించిన ప్రేమను గూర్చిన పాట. అందలి గిటారు స్వరములు కొలదియే. ఒక స్వరమును మీటును, దానిని వణకించును, తనంతట తాను సన్నగిల్లనిచ్చును. పిదప కొంత నిశ్శబ్దము. చెప్పబోయి చెప్పలేక ఆగిన మాట నాకు ఆ నిశ్శబ్దమున వినబడును.

కింగ్ 2015లో కన్నుమూసెను. అతనికంటె వేగముగా వాయింపగలవారు లోకమున పెక్కండ్రు కలరు. బాలబాలికలారా! మీలో ఎవరైనను గిటారును చేపట్టినచో, ముందుగా పాటను నోటితో పాడుకొనుడు. గొంతు ఎచ్చట ఊపిరి తీసికొనునో, అచ్చట వ్రేలిని ఆపుడు. వ్రేళ్లకు వేగము ఏండ్ల సాధనతో వచ్చును. ఎచ్చట ఆగవలెనో తెలియుటకు మాత్రము, పరుల దుఃఖమును ఒక్క క్షణమైనను మనదిగా భావింపవలెను.