వీపు మొద్దుబారినప్పుడు

మన శరీరంలో మనకు కనిపించని భాగం వీపు. ముఖాన చిన్న మొటిమ లేస్తే అద్దం ముందు నిలబడతాము. వీపు మీద అరచేయంత మచ్చ ఏడాదిగా ఉన్నా మనకు తెలియదు. నొప్పి పుడితే ఎవరైనా వైద్యుని వద్దకు వస్తారు. స్పర్శ తగ్గితే మాత్రం “బాధేమీ లేదు కదా” అని ఊరుకుంటారు. నా వృత్తి జీవితంలో ఆలస్యంగా వచ్చిన రోగులలో చాలామంది ఈ రెండవ కోవకు చెందినవారే. అందుకే ఈ విషయం మీతో ముచ్చటించాలనిపించింది.

ముందుగా నాడుల సంగతి. వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. అందులో ఛాతీ భాగానికి చెందినవి 12 జతలు. ఒక్కొక్కటి చర్మం మీద పట్టీ వంటి ఒక్కొక్క ప్రాంతానికి స్పర్శజ్ఞానం కలిగిస్తుంది. అందువలన తిమ్మిరి ఎక్కడ ఉన్నదో, ఏ ఆకారంలో ఉన్నదో మీరు స్పష్టంగా చెప్పగలిగితే రోగనిర్ణయం చాలావరకు సులభమవుతుంది. చీమలు పాకినట్లు, సూదులు గుచ్చినట్లు ఉంటే సాధారణంగా నాడి ఒత్తిడికో చికాకుకో లోనవుతున్నదని, గిల్లినా తెలియకపోతే దాని పని తగ్గిందని అనుకోవచ్చు.

గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటే పుట్టి, లేచి నాలుగడుగులు వేయగానే పోయే తిమ్మిరికి భయపడనక్కరలేదు. రెక్క ఎముక పక్కన, చేయి సరిగా అందని చోట, ఏళ్ల తరబడి దురద, జిలజిల వేధించే స్థితి ఒకటి ఉన్నది. దానిని నొటాల్జియా పరెస్తీటికా అంటారు. వెన్ను నుంచి వీపు చర్మానికి వచ్చే నాడులు నలగడం దీనికి కారణమని భావిస్తారు. ఇది విసిగిస్తుంది గాని ప్రాణాపాయం కాదు.

వీపున ఒక పక్కనే మంట, జిల పుట్టి, కొన్ని రోజులకు నీటిపొక్కులు వరుసగా లేస్తే అది సర్పి. చిన్నతనంలో ఆటలమ్మ వచ్చి తగ్గిన తరువాత ఆ వైరస్ నాడీమూలాలలో దాగి ఉండి, వయసు మీరినప్పుడు మళ్లీ మేల్కొంటుంది. నడుము చుట్టూ తిరిగి కలుసుకుంటే మనిషి దక్కడని పల్లెల్లో ఒక భయం. అది నిజం కాదు. పొక్కులు లేచిన 72 గంటలలోపు వైరస్ మందులు మొదలుపెడితే మంచి ఫలితం ఉంటుంది. పసర్లు పూస్తూ ఆ మూడు రోజులు పోగొట్టుకోకండి.

ఇక నన్ను ఎక్కువగా కలవరపెట్టే కారణం కుష్ఠు. ఒక కౌలు రైతుకు స్నానం చేయిస్తున్న భార్య, వీపు మీద ఒక మచ్చపై వేడినీళ్లు పడినా ఆయన ఉలకకపోవడం గమనించి నా వద్దకు తీసుకువచ్చింది. మచ్చ పాలిపోయి ఉన్నది. దురద లేదు, నొప్పి లేదు. కళ్లు మూయించి దూదితో తాకితే ఆయనకు తెలియలేదు. శోభి మచ్చలలోను, తామరలోను స్పర్శ పోదు. తేడా అక్కడే ఉన్నది. వ్యాధి పేరు వినగానే ఆ దంపతులు తలలు దించుకున్నారు. నిజానికి దించుకోవలసిన అవసరమే లేదు. 6 నుంచి 12 నెలల బహుళ ఔషధ చికిత్సతో ఈ వ్యాధి నయమవుతుంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. ఆలస్యమైతే మాత్రం చేతివేళ్లు, పాదాలు దెబ్బతింటాయి. ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చడం కష్టం.

మెడ ముందుకు వంచగానే వెన్ను వెంట కరెంటు పారినట్లు అనిపిస్తే దానిని లెర్మిట్ లక్షణమంటారు. మెడలోని వెన్నుపాము నలిగినప్పుడు గాని, బి12 విటమిన్ లోపించినప్పుడు గాని, మల్టిపుల్ స్క్లీరోసిస్ వంటి జబ్బులలో గాని ఇది కనిపిస్తుంది. మాంసాహారం, గుడ్లు ముట్టనివారు, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు బి12 పరీక్ష చేయించుకోవాలి. బి12 లోపానికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్లు కనిపించినా నాడుల నష్టం ఆగదు. రక్తం బాగుపడిందన్న నమ్మకంలో కాళ్లు తూలే దాకా వస్తుంది.

ఛాతీ చుట్టూ పటకా బిగించినట్లుండి, దాని కిందనుంచి మొద్దుబారుతూ వస్తే వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నదని అనుమానించాలి. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్నుపూసల క్షయ కావచ్చు. క్యాన్సర్ గడ్డలు కూడా ఇలా చేయగలవు. మన ప్రాంతంలో ఇంకొక కారణం ఫ్లోరైడు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించిన ఫ్లోరోసిస్ తరువాతి కాలంలో నల్గొండ పల్లెలను కుంగదీసింది. ఎముకలు మందమై, వెన్ను కొయ్యబారి, లోపలి నాడులను నొక్కివేస్తుంది.

నడుము నొప్పితో పాటు ఆసనం, జననాంగాల చుట్టూ స్పర్శ పోయినా, మూత్రం బిగబట్టినా, అదుపు తప్పినా, కాళ్లలో బలం తగ్గినా తెల్లవారేదాకా ఆగకండి. అది శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర స్థితి. గంటలు గడిచేకొద్దీ కోలుకునే అవకాశం తగ్గిపోతుంది.

మీరు చేయగలిగినది చిన్నదే. నెలకొకసారి ఇంట్లో ఎవరిచేతనైనా వెలుతురులో మీ వీపు చూపించుకోండి. ఒంటరిగా ఉండే పెద్దలు రెండు అద్దాలు వాడవచ్చు. మచ్చ ఉంటే దూదితో తాకించుకోండి. తాకినది తెలియకపోయినా, తిమ్మిరి రెండు మూడు వారాలకు మించి ఉన్నా వైద్యునికి చూపించండి. నొప్పి మనలను లేపి ఆసుపత్రికి నడిపిస్తుంది. మొద్దుబారిన చర్మం ఆ పని చేయలేదు, దాని తరఫున మీరే పూనుకోవాలి.