రోజుకి పది నిమిషాలు

పిల్లలూ, నేను ఒమాన్‌లోని సీబ్‌లో ఉంటాను. మస్కట్ విమానాశ్రయం ఉన్నది ఇక్కడే. మాకు శుక్ర, శనివారాలు సెలవు. అందుకే శుక్రవారం పొద్దున ఆన్‌లైన్‌లో తెలుగు క్లాసు చెబుతాను.

మా వీధి బోర్డుల మీద అరబీ, ఇంగ్లిష్ ఉంటాయి. రోజూ చూసి చూసి, ‘సీబ్’ అని అరబీలో రాసి ఉంటే ఇక్కడి పిల్లలు ఇట్టే గుర్తుపడతారు. తెలుగు బోర్డు మాత్రం కనిపించదు. మీ ఊళ్ళోనూ అంతే కదా? క్లాసు అయ్యాక కంప్యూటర్ మూసేస్తే, మళ్ళీ వారం దాకా తెలుగు అక్షరం కంటపడదు.

మరిచిపోవడం మీ తప్పు కాదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త, అర్థం లేని అక్షరాల ముక్కల్ని తానే బట్టీపట్టి, ఎంత గుర్తుందో పరీక్షించుకున్నాడు. 1885లో ఆ ఫలితాలను పుస్తకంగా వేశాడు. నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మొదటి రోజే జారిపోతుందని తేలింది. అంతా ఒకే రోజు చదవడం కన్నా, కొన్ని రోజులకి పంచుకుని చదివితే బాగా నిలుస్తుందనీ తేలింది.

అయితే రోజూ కూర్చోబుద్ధి కావాలిగా? ఆన్‌లైన్‌లో టీచర్ మీ పక్కన ఉండరు. కెమెరా ఆపేసి ఆడుకున్నా నాకు తెలీదు. మిమ్మల్ని కూర్చోబెట్టేది మీకంటూ ఉన్న ఒక కారణమే.

“తెలుగు ఎందుకు నేర్చుకుంటున్నారు?” అని క్లాసులో అడిగాను. చాలామంది “అమ్మ చేర్పించింది” అన్నారు. ఒక అమ్మాయి మాత్రం, “మా నానమ్మ ఇప్పుడు లేదు. తను రాసిన ఉత్తరాలు నాన్న బీరువాలో ఉన్నాయి. అవి నేనే చదవాలి” అంది.

తను చేసింది పెద్ద పనేమీ కాదు. రోజూ రాత్రి పళ్ళు తోముకున్నాక పది నిమిషాలు. ఐదు మాటలు చదవడం, పుస్తకం మూసి రాయడం, మళ్ళీ తెరిచి దిద్దుకోవడం. మర్నాడు ముందు పాత మాటలు, తర్వాత కొత్తవి. ‘క్షేమం’లోని ‘క్షే’ దగ్గర వారం రోజులు తిప్పలు పడింది.

ఒక శుక్రవారం, “టీచర్, ఉత్తరం మొదట్లో ‘చి॥’ అని ఉంది. అంటే ఏంటి?” అని అడిగింది.

“చిరంజీవి. చాలాకాలం బతకమని దీవెన. మీ నాన్నని దీవిస్తూ మొదలుపెట్టారు” అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మిగతా వాక్యం తనే చదివింది.

మీ ఇంట్లో ఉత్తరాలు లేకపోవచ్చు. తాతయ్యకి ఫోన్లో తెలుగులో జోకు చెప్పాలని ఉండొచ్చు. తెర మీద సినిమా పేర్లు చదవాలని ఉండొచ్చు. ఏదైనా సరే, అది మీదై ఉండాలి. దాన్ని ఒక్క వాక్యంలో మీ నోట్‌బుక్‌లో రాయండి. మీ పది నిమిషాలు ఏ వేళో పక్కనే రాయండి. వచ్చే క్లాసు దాకా ఆగకండి, ఈ రాత్రే మొదలుపెట్టండి.