సుంకపు పాక ముందు తెల్లవారింది

రాత్రంతా అడ్డదారుల్లో తిరిగిన వర్తకుడు తెల్లవారేసరికి సుంకపు పాక ముందే తేలాడట. ఈ ‘ఘట్టకుటీ ప్రభాత న్యాయం’ ఏటా మా విద్యార్థులకు చెబుతుంటాను. 2025 డిసెంబరు సెలవుల్లో అది నాకే జరిగింది, అడ్డదారి పట్టకుండానే!

బెజవాడ అమ్మవారి దర్శనానికని హైదరాబాదులో కారు అద్దెకు తీసుకుని, చీకటితో బయలుదేరాం. పంతంగి టోల్ గేటు దగ్గర తెల్లవారింది. అడ్డకర్ర లేవలేదు. అద్దానికి ఫాస్టాగ్ ఉంది గాని, అందులో డబ్బు లేదు. కారు యజమాని ఫోనెత్తడు. వెనక లారీల హారన్లు.

గేటు కుర్రాడితో మా కష్టం చెప్పబోయాను. సుంకరి వద్ద సుఖదుఃఖాలు! నగదైతే రెట్టింపు, యుపిఐ అయితే ఒకటింబావు వంతు అన్నాడు. 2025 నవంబరు 15 నుంచి అప్పట్లో అదీ పద్ధతి; అంతకుముందు ఎలా కట్టినా రెట్టింపే.

“నూటికి నూటపాతికేగా, కట్టెయ్యండి” అంది మా ఆవిడ. రసీదు తీసి కళ్లజోడు పెట్టెలో దాచింది. ఆ పాతికా నా తప్పుకు కాదే అని నా ఏడుపు.

ఈలోగా యజమాని డబ్బు వేసినట్టున్నాడు. కొర్లపహాడులోనూ, చిల్లకల్లులోనూ అడ్డకర్ర తనంతట తానే లేచింది. ఇంద్రకీలాద్రి మీదనుంచి కృష్ణను చూశాక పంతంగి మాటే మరిచాను.

తిరిగి వచ్చి కారప్పగిస్తే, యజమాని డిపాజిట్టులో పంతంగి సుంకం పోనూ రానూ రెండుసార్లూ కోశాడు! నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ కళ్లజోడు పెట్టె తెరిచింది. రసీదు అటూ ఇటూ తిప్పిచూసి, కోసినది తిరిగి ఇచ్చాడు.

మరి ఆ పాతికో అనబోయాను. మా ఆవిడ చెయ్యి గిల్లింది.